ఎగువకొక యెత్తు, దిగువకొక యెత్తు

హైదరాబాదునకు వాయవ్యమున, మెట్రో రైలు తుది మజిలీయైన మియాపూరు నుండి ఆదివారపు వేకువను సైకిలునెక్కి బయలుదేరు వారికి ఒక్క ప్రయాణములోనే రెండు విధములైన నేలలు ఎదురగుచున్నవి. మొదటిది సమతలమైన తారురోడ్డు; హైటెక్ సిటీ కార్యాలయముల వైపు సాగు రాజమార్గములును, 2023 అక్టోబరులో ఔటర్ రింగు రోడ్డు వెంబడి ప్రారంభమైన, సౌరఫలకములే పైకప్పుగా గల 23 కిలోమీటర్ల సైకిలు బాటయు ఈ కోవకు చెందినవి. రెండవది ఖాజాగూడ గుట్టలలో దాదాపు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు బండల నడుమను, వికారాబాదు చెంత మూసీనదికి జన్మస్థానమైన అనంతగిరి అడవులలోను, రాళ్లు, వేళ్లు, వాననీరు కోసిన గండ్లతో నిండిన కాలిబాట. ఈ రెండు నేలలును రౌతు నుండి రెండు వేర్వేరు దేహస్థితులను కోరుచున్నవి. ఆ రెంటికిని న్యాయము చేకూర్చునదే డ్రాపర్ పోస్టు, అనగా స్వారి ఆగకుండగనే సీటు ఎత్తును మార్చుకొన వీలు కల్పించు పరికరము.

చదునునేలపై తొక్కునప్పుడు, పెడల్ అట్టడుగునకు చేరిన వేళ మోకాలు కొద్దిగా మాత్రమే వంగియుండవలెను. సీటు అంతకంటె దిగువనున్నచో తొడల బలము వృథాయగును, మోకాలి చిప్ప వెనుక నొప్పి పుట్టును. కాని అదే ఎత్తుతో నిటారు వాలు దిగబూనినచో ఆ సీటే శత్రువగును. అది నడుమును వెనుకకు జరుగనీయదు. శరీరభారము ముందుచక్రము మీదికి ఒరుగును. ఆ చక్రమొక రాతికి తట్టుకొన్నను, ముందు బ్రేకు గట్టిగా పడినను, రౌతు హ్యాండిలు మీదుగా ముందుకు పల్టీకొట్టును. తాటిచెట్టు నెక్కు గీతవృత్తివాడు ఎక్కునప్పుడొక రీతిని, దిగునప్పుడొక రీతిని మోకును సవరించుకొనునట్లు, కొండదారి రౌతు కూడ నేల వాలును బట్టి తన ఆసనమును సవరించుకొనవలసియున్నది.

ఈ సవరింపు విద్య పర్వత సైకిళ్లంత పాతది. 1970ల చివర అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, టామల్‌పాయిస్ పర్వత ప్రాంతపు మట్టిదారులలో సైకిళ్లు నడపిన యువకులు, శిఖరమున దిగి, సీటు బిగింపును వదులుచేసి, దానిని క్రిందికి నెట్టి, మరల బిగించి వాలునకు దిగెడివారు. ఆ బృందమునకు చెందిన జో బ్రీజ్, జోష్ ఏంజెల్ అనువారు 1984లో హైట్ రైట్ అను స్ప్రింగును రూపొందించిరి. దానివలన రౌతు సైకిలు దిగకయే బిగింపు వదలి సీటును అణచుటకును, అది తిరిగి తిన్నగా పైకి లేచుటకును వీలు కలిగెను. ఈ శతాబ్దారంభమున గ్రావిటీ డ్రాపర్ వంటి పరికరములు రాగా, 2010లో వెలువడిన రాక్‌షాక్స్ వారి రెవెర్బ్ ఈ పద్ధతికి విశేష ప్రాచుర్యము తెచ్చెను. 2022లో మిలాన్–శాన్‌రెమో పందెమున స్లొవేనియా దేశీయుడైన మతేయ్ మొహోరిచ్, తారురోడ్డు సైకిలుకే దీనిని అమర్చుకొని, పోజియో కొండవాలును మెరుపు వేగమున దిగి విజేతయయ్యెను.

దీని అంతర్నిర్మాణము సరళము, సుందరము. ఒకదానిలో నొకటి ఇమిడిన రెండు గొట్టములు. లోపల నూనె, ఒత్తిడితో నింపిన వాయువు, నడుమ నొక కవాటము. హ్యాండిలుపై మీటను నొక్కినంత కవాటము తెరచుకొనును. అప్పుడు సీటుపై కూర్చున్నచో అది దిగును, బరువు తీసినచో వాయువు దానిని పైకి నెట్టును. మీట వదలగనే కవాటము మూసికొనును. నూనె అణగని ద్రవము కావున సీటు ఆ యెత్తుననే స్థిరముగా నిలుచును.

అమర్చుటలో తొందర కూడదు. పాత పోస్టుపై, అనగా సీటును మోయు గొట్టముపై, ముద్రించిన వ్యాసమును, అది 27.2, 30.9, 31.6 మిల్లీమీటర్లు మొదలగు వానిలో ఏదియో, మొదట చూచుకొనవలెను. సన్నని పోస్టును తొడుగువేసి లావు గొట్టమున ఇమిడ్చవచ్చును గాని, లావు పోస్టు సన్నని గొట్టమున ఎన్నటికిని పట్టదు. పిమ్మట, తమకు సరిపడు ఎత్తున సీటు నుంచి, ఫ్రేము అంచు నుండి సీటు పట్టాల వరకు గల దూరమును, ఫ్రేము గొట్టములో వంపుగాని బాటిలు బోల్టులుగాని అడ్డుతగులు వరకు గల లోతును కొలిచి, ఆ రెండింటికిని లోబడిన పోస్టునే ఎన్నుకొనవలెను. ఫ్రేమునకు కేబుల్ రంధ్రమున్నచో, ఎడమచేతి మీట నుండి కేబులును ఫ్రేము లోపలగా సీటు గొట్టము వరకు నడపి పోస్టు అడుగున తగిలింపవలెను. రంధ్రము లేనివారు కేబుల్ బయటినుండి వచ్చు రకమును తీసికొనుట మేలు. పోస్టును దింపుచున్నంతసేపు రెండవ చేతితో హ్యాండిలు వద్ద కేబులును మెల్లగా లాగుచుండవలెను. లేనిచో అది లోపల మడతపడును. కేబుల్ మిక్కిలి బిగువైనచో సీటు నిలువక జారును. మిక్కిలి వదులైనచో మీట నొక్కినను సీటు మెల్లగా లేచును. అన్నిటికంటె ముఖ్యము, ఫ్రేము క్లాంపును తయారీదారు చెప్పిన మేరకే టార్క్ రెంచితో బిగించుట. బలమంతయు చూపి బిగించినచో బయటి గొట్టము నొక్కుకొని, లోపలి గొట్టము కదలుట మానును.

వాడుకలో ప్రధాన సూత్రము ముందుచూపు. వాలు ప్రారంభమైన తరువాత కాక, దానికి ముందే, క్షణకాలము కూర్చుండి సీటును దింపవలెను. తరువాత పెడల్‌లను నేలకు సమాంతరముగా నుంచి, మడమలు కొంచెము దించి, మోచేతులును మోకాళ్లును వంచి, చూపును చక్రముపై కాక దారి మలుపుపై నిలుపవలెను. బండలు, ఎగుడుదిగుళ్లు వెంటవెంటనే వచ్చుచోట సగము ఎత్తు శ్రేయస్కరము. చదును రాగానే పూర్తి యెత్తునకు చేర్చుకొనుట మరువరాదు. సోమరితనమున దిగువ సీటుపైననే మైళ్లు తొక్కువాడు మోకాళ్లతో దాని మూల్యము చెల్లించును.

మన ఎర్రదుమ్మును, తొలకరి బురదయు ఈ పరికరమునకు ప్రధాన శత్రువులు. ప్రతి స్వారి పిదప మెత్తని గుడ్డతో లోపలి గొట్టమును తుడుచుటయు, వర్షాకాలము గడచిన తరువాత కేబులును పరీక్షించుటయు అవశ్యకర్తవ్యములు. సీటు దించియున్నప్పుడు దానినే పట్టి సైకిలునెత్తరాదు. కొన్ని రకముల పోస్టులలో అట్లు చేసిన నూనెలోనికి వాయువు చేరి, సీటు మెత్తబడును.

దీని బరువు, వెల రెండును సాధారణ పోస్టును మించినవే యనుట నిజము. రోడ్డుపై మాత్రమే తిరుగువారికి దీని అవసరము స్వల్పము. అయినను మన నగరమునకిది ప్రత్యేకముగా తగినదని నా దృఢవిశ్వాసము. సైకిలును కారుపై కట్టి కొండ పాదము వరకు మోసికొనిపోవువాడు సీటును అచటనే ఒకమారు దించుకొనిన చాలును. ఇంటి గుమ్మము నుండియే తొక్కుచు పోయి, గుట్టలలో విహరించి, మరల తొక్కుచునే తిరిగివచ్చు మియాపూరు రౌతునకు మాత్రము రెండు యెత్తులును ఒకే ఉదయమున, పలుమార్లు, కావలెను. నేలను తన అలవాటునకు లొంగదీయబూనక, తన దేహమునే నేల స్వభావమునకు అనువుగా మలచుకొనుట స్వారివిద్యలో మొదటి పాఠము. ఆ పాఠమును బొటనవ్రేలి ఒక్క నొక్కుతో ఆచరణలోనికి తెచ్చునది గనుకనే ఈ చిన్న పరికరమును నేను వేగసాధనముగా కాక, వివేకసాధనముగా ఎంచుచున్నాను.