భయానక పరిశోధనా ఆటలలో విశ్వాసము: ఒక వేదాంత విమర్శ

విశ్వాసమునకు అంకెలు వేయవచ్చునా? రోల్‌ప్లే ఆటలను ఎరుగని పాఠకులకు ఈ ప్రశ్న వింతగా తోచవచ్చును. ఈ ఆటలలో కొందరు బల్లచుట్టు కూర్చుండి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర పక్షముగా మాట్లాడుచు, పాచికల సహాయముతో కథను నడిపించెదరు. శాండీ పీటర్సన్ రూపొందించగా 1981లో వెలువడిన 'కాల్ ఆఫ్ క్తుల్హు' వీటిలో భయానక పరిశోధనా శాఖకు మూలము వంటిది. అమెరికా రచయిత హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ (1890–1937) కథలే దానికి ఆధారము. ఆయన కల్పించిన విశ్వము మానవుని ద్వేషింపదు; అసలు లెక్కచేయదు.

1980వ దశకములో అమెరికా క్రైస్తవులలో కొందరు రోల్‌ప్లే ఆటలను సాతాను సాధనములని ఖండించిరి. మేము ఆ వాదమునకు పోవుట లేదు. ఈ ఆటలు విశ్వాసమును ఎట్లు అర్థము చేసికొన్నవో పరిశీలించుటయే మా ఉద్దేశము.

'కాల్ ఆఫ్ క్తుల్హు'లో ప్రతి పాత్రకు మతిస్థిమితమును కొలుచు అంకె ఉన్నది. నిషిద్ధ జ్ఞానము పెరిగినకొలది దాని గరిష్ఠ పరిమితి 99 నుండి తగ్గుచు వచ్చును. కెన్నెత్ హైట్ రచించిన 'ట్రెయిల్ ఆఫ్ క్తుల్హు' (2008) ఈ లెక్కను రెండుగా విడదీసినది. మొదటిది 'స్టెబిలిటీ', అనగా మనస్సు నిలుకడ. దానికి ఆధారము మనుష్యులు: కుటుంబికులు, స్నేహితులు, గురువులు. వారి సహవాసము వలన అది తిరిగి చేకూరును. రెండవది 'శానిటీ'. దానికి ఆధారము దేశభక్తి, మతవిశ్వాసము వంటి స్తంభములు. ప్రతి మూడు అంకెలకు ఒక స్తంభము. అంకెలు పోయినప్పుడు స్తంభము కూలును. సాధారణముగా మరల లేవదు.

మా అభ్యంతరము ఇక్కడనే ఉన్నది. ఆట మతవిశ్వాసమును అభిప్రాయముల వరుసలో ఉంచినది. బైబిలు దానిని ఒక వ్యక్తియందలి నమ్మికగా చూపుచున్నది గనుక, దాని స్థానము మొదటి వరుసలోనే.

అయితే కనబడని వ్యక్తి ఆధారమెట్లగునని ఆటగాడు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. యోబు గ్రంథము 38 నుండి 41 అధ్యాయములను చూడుడి. యోబు తన శ్రమలకు కారణము అడిగెను, కారణము చెప్పబడలేదు. భూమి పునాదులు, నక్షత్రములు, చివరకు లెవియాతాను అతని యెదుట నిలుపబడెను. లవ్‌క్రాఫ్ట్ పాత్రవలె యోబు కూడ తన అల్పత్వమును తెలిసికొనెను. అయినను అతడు కూలిపోలేదు. ఏలయనగా ఆ విశాలతలోనుండి ఒకడు అతనితో మాటలాడెను. జవాబు రాని చోట సహితము 88వ కీర్తన చీకటిలోనే ముగియుచున్నది. కాని ఆ మొర దేవునికే పెట్టబడినది.

ఆట చెప్పిన నిజమును కూడ మనము ఒప్పుకొనవలెను. లోకమును వివరించు సిద్ధాంతముగా మాత్రమే పట్టుకొనిన విశ్వాసము కూలును. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చుండినంతవరకు ఆదరణకర్తలుగా ఉండిరి. వివరణలు మొదలుపెట్టినప్పుడు బాధకులైరి. బిడ్డను పోగొట్టుకొనిన ఇంట మనము కారణములు చెప్పుచున్నప్పుడు, కూలనున్న స్తంభములనే నిలబెట్టుచున్నాము. సందేహించు యౌవనస్థునితో "అది చదువవద్దు" అని చెప్పునప్పుడు, జ్ఞానము విశ్వాసమును చంపునన్న లవ్‌క్రాఫ్ట్ సూత్రమునే బోధించుచున్నాము. ఆ ఇంట ముందుగా కూర్చుండుట, ఆ యౌవనస్థునితో కలిసి చదువుట మన పరిచర్యకు తగిన పని.