కంట్రోల్ చేశాక కులం మాయం

ఆరోగ్య పరిశోధనా వ్యాసాలలో ఒక వాక్యం పదే పదే ఎదురవుతూ ఉంటుంది: ఆర్థిక స్థితి, చదువు, నివాసం కంట్రోల్ చేశాక కులానికి చెప్పుకోదగ్గ ప్రభావం లేదు. రాసినవాళ్లు అబద్ధం ఆడుతున్నారని కాదు. ఎస్‌పీఎస్‌ఎస్సో స్టాటానో ఇచ్చిన పట్టికనే రాశారు. మన పేచీ పట్టికతో కాదు, దాన్ని అడిగిన ప్రశ్నతో.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే డేటానే తీసుకుందాం. 2005-06 విడతలో ఐదేళ్లు నిండకుండా చనిపోయిన పిల్లలు వెయ్యి జననాలకు షెడ్యూల్డు కులాల్లో 88 మంది, ఏ రిజర్వేషనూ లేని 'ఇతరుల్లో' 59 మంది. దీన్ని లాజిస్టిక్ రిగ్రెషన్‌లో పెట్టి పక్కన సంపద సూచిక చేరిస్తే తేడా కుంచించుకుపోతుంది. తల్లి చదువు చేరిస్తే ఇంకా తగ్గుతుంది. శాంపిల్ చిన్నదైతే అంకె పక్కనుండే చుక్క గుర్తు కూడా ఊడిపోవచ్చు. చుక్క పోయింది గనక కులం పోయిందని తేల్చేస్తారు!

ఇంతకీ సంపద సూచికలో ఉన్నవేమిటి? గోడలు దేనితో కట్టారు, మరుగుదొడ్డి ఉందా, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, పొయ్యిలోకి కట్టెలా గ్యాసా, సొంత ఇల్లు ఉందా. ఊరి బావికి ఎవర్ని రానివ్వలేదో, ఊరి చివర ఎవర్ని ఉంచారో, పొలం ఎవరి పేరున రాయనివ్వలేదో తెలిసినవాళ్లకి ఇది ఆస్తుల జాబితా మాత్రమే కాదు, కులం చేసిన పనుల జాబితా కూడా. కులం భూమి లేకుండా చేసింది. ఆ భూమి లేనితనాన్ని పేదరికం అనే గడిలో వేసి, అందర్నీ ఆ గడిలో సమానం చేసి, ఇక కులమెక్కడ అని అడుగుతున్నారు. కారణానికీ ఫలితానికీ నడుమ ఉన్న మెట్టును కంట్రోల్ చేస్తే కారణం చిక్కిపోతుందని గణాంక శాస్త్రమే చెబుతుంది. కంప్యూటర్‌కి ఏది మెట్టో ఏది మూలమో తెలియదు. అది చెప్పాల్సింది పరిశోధకుడే.

ఇంకొక చిన్న సంగతి. ఈ సర్వే ఫైళ్లలో షెడ్యూల్డు కులానికి అంకె 1, ఇవేవీ కానివాళ్లకి 4, 'తెలియదు'కి 8. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో మనం మార్చకపోతే ఎస్‌పీఎస్‌ఎస్ చివరి అంకెను ప్రమాణంగా తీసుకుంటుంది. 8ని తీసెయ్యటం మరిస్తే దేశంలోని కులాలన్నిటినీ 'తెలియదు' అన్నవాళ్లతో పోలుస్తుందన్నమాట. స్టాటా చిన్న అంకెను, అంటే దళితుల్నే, ప్రమాణం చేస్తుంది. తేడా ఎంతో అంతే ఉంటుంది గానీ, ఎవరు మామూలు మనుషులో ఎవరు తేడా మనుషులో చెప్పే భాష మారిపోతుంది. ఇక మాలయినా, మాదిగయినా, రెల్లి అయినా 1 కిందే జమ. 1994 నుంచి దండోరా వేసిన ప్రశ్న ఈ గడిలోకి ఇంకా రాలేదు.

మన పక్షాన ఉన్న అంకెలనీ ఇలాగే నిలదీయాలి. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కంటే 14.6 ఏళ్ల ముందే చనిపోతుందని 2018లో యూఎన్ విమెన్ నివేదిక చెప్పింది. సభల్లో దాన్ని ఆయుర్దాయం అని చెప్పేస్తున్నారు. అది చనిపోయినవాళ్ల సగటు వయసుల్లో తేడా. పిల్లలూ కుర్రవాళ్లూ ఎక్కువున్న జనాభాలో ఆ సగటు ఎటూ తక్కువే వస్తుంది. ఆయుర్దాయం కట్టాలంటే ఒక్కొక్క వయసులో మరణాల రేటు కావాలి.

ఆ పని సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా చేశారు. 2022లో అచ్చయిన వాళ్ల వ్యాసం తొమ్మిది రాష్ట్రాల వార్షిక ఆరోగ్య సర్వే ఆధారంగా దళితుల ఆయుర్దాయం అగ్రకుల హిందువుల కంటే మూడేళ్లకి పైగా, ఆదివాసులది నాలుగేళ్లకి పైగా తక్కువని చూపింది. 14.6 కంటే చిన్న అంకె, కానీ గట్టి అంకె. ఈ తేడాలో సగం కూడా ఆర్థిక స్థితితో వివరించలేమని వాళ్లు తేల్చారు. పేదరికమే అంతా అనేవాళ్లకి ఇది చాలు. నా అభ్యంతరం 'వివరించటం' అనే మాట మీదే. ఆర్థిక స్థితి వివరించిన ఆ భాగం కులం ఖాతాలోంచి ఎందుకు కొట్టెయ్యాలి?

ఆ తొమ్మిదిలో ఆంధ్రప్రదేశ్ లేదు. శాంపిల్ రిజిస్ట్రేషన్ వ్యవస్థ ఏటా ఆయుర్దాయ పట్టికలు అచ్చేస్తుంది: ఆడ, మగ, పల్లె, పట్నం, రాష్ట్రం. కులం గడి లేదు.