నామము లేని రూపము

తెలుగులో చిత్రమును, శిల్పమును గూర్చి వ్రాయువారు 'ఆబ్‌స్ట్రాక్ట్' అను ఇంగ్లీషు మాటకు 'నైరూప్యము' అనుదానిని వాడుచున్నారు. ఈ మాట వ్యాకరణమునకు లొంగినదే గాని అర్థమునకు లొంగినది కాదు. రూపము లేనిది నైరూప్యము. కాని యే కళను మనమీ పేరుతో పిలుచుచున్నామో ఆ కళలో రూపము తప్ప మఱియొకటి లేదు. చెట్టు, గుఱ్ఱము, మనుష్యుడు అను పేరులు మాత్రమే అందు లేవు. మన పూర్వులు ప్రపంచమును నామరూపములని రెండుగా విడదీసి చూచిరి. ఆ రెంటిలో నామమును తొలగించి రూపమును నిలిపినది ఈ కళ. కావున దీనిని నామము లేని రూపమనుట న్యాయము. ఒక మాట కొఱకు ఇంత పేచీ యేల యని పాఠకులు అడుగవచ్చును. మేము విమర్శింపబూనిన గ్రంథముయొక్క సారమంతయు ఈ పేచీలోనే యిమిడియున్నది.

ఆ గ్రంథము పేరు 'ఎలిమెంట్స్ ఆఫ్ డిజైన్'. అమెరికాలో, న్యూయార్కు నగరపు బ్రూక్లిన్ భాగమున, ప్రాట్ ఇన్‌స్టిట్యూట్ అను విద్యాలయము కలదు. యంత్రశాలలలో తయారగు వస్తువులకు రూపకల్పన చేయు విద్యను అచ్చట 1938 మొదలు దాదాపు అర్ధశతాబ్దము బోధించిన రోవెనా రీడ్ కాస్టెలో అను ఉపాధ్యాయిని 1900లో జన్మించి 1988లో గతించెను. ఆమె బోధనా క్రమమును, ఆమె శిష్యులు చేసిన పనుల ఛాయాచిత్రములను గెయిల్ గ్రీట్ హన్నా యను నామె సమకూర్చి 2002లో ప్రకటించినది. స్త్రీలకు ఇట్టి వృత్తులలో చోటు దొరకుట దుర్లభమైన కాలమున రోవెనా ఈ విద్యకు గురుపీఠమెక్కినది. 1950 దశకములో జనరల్ మోటార్సు కంపెనీవారు మోటారుకార్ల రూపకల్పనకై నియమించిన స్త్రీలలో పలువురు ఈ ప్రాట్ విద్యాలయమున చదివినవారే. ఈ సంగతియొక్కటే మన గృహములలో ఈ గ్రంథమును గూర్చి మాటలాడుకొనుటకు చాలును. కాని మా దృష్టి ఆమె కీర్తిపై లేదు, ఆమె పద్ధతిపై నున్నది.

ఈ పద్ధతికి రోవెనా ఆద్యురాలు కాదు. జర్మనీలో 1837లో శిశువిద్యాలయమును నెలకొల్పిన ఫ్రోబెల్ పండితుడు పసిపిల్లల చేతికి బొమ్మగుఱ్ఱమునకు మాఱుగా కొయ్యతో చేసిన గోళమును, ఘనమును, స్తంభాకారమును ఇచ్చెను. 1919లో వైమార్ నగరమున గ్రోపియస్ స్థాపించిన బౌహౌస్ విద్యాలయమున, ఏ చేతిపని నేర్వవచ్చినవాడైనను ముందుగా ఒక ప్రాథమిక శిక్షణమును దాటవలసియుండెను. అందు జోసెఫ్ ఆల్బర్స్ అను నుపాధ్యాయుడు శిష్యులకు వట్టి కాగితముల నిచ్చి, ఇసుమంతయు వ్యర్థము కాకుండ, ఆ కాగితముచేత నేమి చేయవచ్చునో మడిచియు కత్తిరించియు కనుగొనుడని చెప్పెడివాడు. 1933లో నాజీల ఒత్తిడికి ఆ విద్యాలయము మూతపడగా ఆల్బర్స్ అమెరికా చేరెను. ఇట్లు పలుచోట్ల చెల్లాచెదరుగా నున్న అభ్యాసములను తనవైన మఱికొన్నింటితో కూర్చి, అక్షరాభ్యాసమువలె మెట్టు తరువాత మెట్టుగా అమర్చుట రోవెనా చేసిన పని. ఆమె భర్తయు, చిత్రకారుడును నగు అలెగ్జాండర్ కాస్టెలో 1954లో మరణించువఱకు ఈ కృషిలో ఆమెకు సహాధ్యాపకుడై యుండెను.

మొదటి అభ్యాసము వినుటకు మిక్కిలి సామాన్యమైనది. విద్యార్థి బంకమట్టితో మూడు పలకల దిమ్మెలను చేసి, వానిని ఒండొంటికి లంబముగా నుండునట్లు కూర్చవలెను. మూటిలో నొకటి ప్రధానము. రెండవది దానికి తోడైనది. మూడవది ఆ రెంటికిని లొంగియుండి, వానికి లేని దానిని ఇచ్చునది. ఒకటి మఱియొకదానిలోనికి చొచ్చుకొనిపోవచ్చును, గాడిలో దిగవచ్చును, లేదా తల్లి యొడిలో బిడ్డవలె కూర్చుండవచ్చును. ఇంతే. ముందు కాగితముపై గీసి పిదప మట్టిలో చేయుట కూడదు. కాగితము ఒక్క ప్రక్కను మాత్రమే చూపి మోసపుచ్చును గనుక మట్టిలోనే ఆలోచింపవలెను.

చేయబూనినవానికి గాని దీని కష్టము తెలియదు. రెండు దిమ్మెల వెడల్పు సమానమైనచో అవి కవలపిల్లలవలె తోచి, ఏది పెద్దయో కన్ను తేల్చుకొనజాలదు. మూడవది మఱీ చిన్నదైనచో తరువాత తెచ్చి అంటించినట్లుండును. ఎదుటినుండి చక్కగా నున్నది చేతితో త్రిప్పి వెనుకకు చూచునప్పటికి చచ్చిపడియుండును. ప్రతి దిమ్మె తనలో తాను పొందికగా నుండవలెను. తోటి దిమ్మెలతో పొందికగా నుండవలెను. మూడును కలిసిన మొత్తము పొందికగా నుండవలెను. ఈ మూడు పొందికలను ఒక్కసారిగా సాధించుటకు ఒక దిమ్మెను గోరంత తగ్గించినచో మిగిలిన రెంటి సంబంధమంతయు మాఱిపోవును. ఉపాధ్యాయిని ఆ పనిని పీఠముపై నుంచి, మెల్లగా త్రిప్పుచు, తరగతివారందఱు చూచుచుండగా తప్పొప్పులను విచారించును. అందు పొగడ్తకు గాని నిందకు గాని తావు లేదు. ఏది యెక్కువయో, ఏది తక్కువయో యను ప్రశ్నయే కలదు.

సంస్కృతాలంకారశాస్త్రము చదివినవారికి ఈ పాఠము క్రొత్తది కాదు. కావ్యమున ఎన్ని రసములున్నను ఒక్కటి అంగియై, తక్కినవి అంగములై యుండవలెనని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున స్థాపించెను. అంగము అంగిని మించినచో కావ్యము చెడును. అంగము లేనేలేకున్నచో కావ్యము వెలవెలబోవును. బ్రూక్లినులో మూడు మట్టిదిమ్మెలతో చెప్పబడినదియు నిదియే. కాని భేదమొకటి గలదు. కావ్యము కాలక్రమమున ఒక సర్గ వెంబడి ఒక సర్గగా మనకు తెలియును. కవి తాను కోరిన త్రోవనే మనలను నడిపింపగలడు. ఘనరూపమును చూచువాడు ఏ ప్రక్కనుండియైనను రావచ్చును. కావున శిల్పి ఏ దిక్కునుండి వచ్చినవానికైనను అంగి అంగిగానే కనబడునట్లు చేయవలెను. ఈ విధమున శిల్పికి కవికంటె కఠినతరమైన పరీక్ష యున్నదని మా తలంపు.

దిమ్మెల తరువాత గోళ స్తంభ శంఖాకారములు వచ్చును. అక్షములు వాలుటచేత తూకము మఱింత సూక్ష్మమగును. పిమ్మట వంచిన కాగితపు పలకలు, ఆకాశమున వంపులు తిరుగు తీగెలు, ఉబ్బెత్తు రూపములు, లోతు రూపములు. చివరకు వస్తువును వదలి దాని చుట్టునున్న ఖాళీ చోటును, ఒక గదిలోని శూన్యమును, చూచుట నేర్పబడును. ఇన్నింటిలో ఎచ్చటను 'ఇది యేమి?' అని యడుగుట లేదు, 'ఇది యెట్లున్నది?' అనియే యడుగుచున్నారు. మా మొదటి పేచీ ఇచ్చట ఫలించుచున్నది. పేరున్న చోట కన్ను సోమరియగును. కుర్చీ యని తెలిసినంతనే మనము కుర్చీని చూచుట మానుదుము. పేరును తీసివేసినప్పుడు కన్నునకు పని తప్పదు.

మన పాఠశాలలలో దీనికి విరుద్ధముగా జరుగుచున్నది. పలుచోట్ల డ్రాయింగు గంట యనగా నల్లబల్లపై వేసిన మామిడిపండును పుస్తకములోనికి ఎక్కించుటయే. మామిడిపండును పోలినచో మార్కులు. పోలకున్నచో 'నీకు బొమ్మలు రావు' అను తీర్పు. ఎనిమిదేండ్ల వయస్సున ఈ తీర్పు విన్న పిల్లవాడు ఎనుబదియేండ్ల వఱకు దానిని మోయుచుండును. వానికి రానిది అనుకరణము మాత్రమే; రెండు రూపముల పొందికను తూచు శక్తి వానికున్నదో లేదో ఎవరును పరీక్షింపలేదు. ఇక చేతికి మట్టి యంటినచో చదువుకొన్న యిండ్లలో తల్లిదండ్రులు చీదరించుకొందురు. మట్టి కుమ్మరిది, కొయ్య వడ్రంగిది, పుస్తకము మనది యని విభాగము చేసికొని, సౌందర్యవివేకము మాత్రము పుట్టుకతో వచ్చు వరమని సరిపెట్టుకొనుచున్నాము. చేతిపనిని కులమునకును, సౌందర్యమును జన్మమునకును అప్పగించి, రెంటిని పోగొట్టుకొంటిమి. మూడు దిమ్మెల పాఠముయొక్క ముఖ్యమైన మాట ఇది: సౌందర్యవివేకము నేర్పదగినది, నేర్వదగినది, వ్యాకరణమువలె అభ్యాసముచేత వచ్చునది. సంఘసంస్కారము కోరువారికి ఇంతకంటె ప్రియమైన మాట యేమున్నది?

అయినను ఈ పద్ధతిలో దోషములు లేకపోలేదు. మొదటిది గురువునుగూర్చిన భయము. కొలబద్ద కన్నేయైనప్పుడు, ఎవరి కన్ను? తరగతిలో గురువు కన్నే తుదితీర్పగుచుండగా శిష్యుడు రూపమును గాక గురువు ముఖమును చూచి దిమ్మెను తగ్గించుట సహజము. గ్రంథమునందలి ఛాయాచిత్రములను వరుసగా చూచినచో పెక్కు పనులు ఒక యింటి బిడ్డలవలె నుండుట కనబడును. వ్యాకరణము నేర్పబోయి ఒకే శైలిని నేర్పు ప్రమాదమిందు కలదు.

రెండవ దోషము ఇంతకంటె పెద్దది. ఈ రూపములలో నీరు పోయరు, వీనిని నెత్తిన మోయరు, వీనిపై కూర్చుండరు. 1958లో భారత ప్రభుత్వపు ఆహ్వానముపై మన దేశమును చూచి నివేదిక వ్రాసిన చార్లెస్, రే ఈమ్స్ దంపతులు ఇచ్చట తాము చూచిన వస్తువులలో మన చెంబును తలమానికముగా ఎన్నిరి. వారు దాని వంపును మాత్రమే మెచ్చుకొనలేదు. ఎంత నీరు పట్టును, నిండినప్పుడు తూకమెట్లుండును, నడుమున నెట్లు నిలుచును, వంచినప్పుడు ధార యెట్లు పడును, తోముట సులభమా, వెల యెంత యని ప్రశ్నలు వేసికొనిరి. దానిని ఏ యొక్కడును కల్పింపలేదనియు, తరతరముల జనులు చేతులతో దిద్దినదనియు గుర్తించిరి. ఆ నివేదిక ఫలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పన విద్యాలయము వెలసెను. 2015 నుండి అట్టి విద్యాలయమొకటి ఆంధ్రప్రదేశమునను నడుచుచున్నది. చెంబును చూచు చూపు లేనిచో మూడు దిమ్మెల చదువు సగము చదువే. కాని మూడు దిమ్మెల చదువు లేనివాడు చెంబు కడుపునకు మెడ యెందుకంత సన్నమో, అంచు ఎందుకంత విప్పారినదో చూడలేక, 'పాత చెంబు' అని ప్రక్కకు నెట్టును. రోవెనా పాఠము ముందును, ఈమ్స్ ప్రశ్నలు వెనుకను రావలెనని మా అభిప్రాయము.

మూడవది యొక ఆక్షేపణ. దీనిని మేము అంగీకరింపము. ఈ బోడి దిమ్మెలు పాశ్చాత్యుల అభిరుచి యనియు, అలంకారప్రియులమగు మనకు పనికిరావనియు కొందఱందురు. పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి ముందు వారిని నిలువుమందుము. ఆ గుడి శిల్పములను చూచి మురియనివాడు లేడు. కాని కొంత దూరము వెనుకకు పోయి, కన్ను సగము మూసి చూచినచో సాలభంజికలు కనబడవు. ఎత్తైన పీఠము, దానిపై పఱచుకొనిన మంటపము, వాని వెనుక లేచిన విమానము అను మూడు రాశులు కనబడును. ఆ మూటి పొందిక ముందు నిలిచినది గనుకనే అన్ని శిల్పములను ఆ గుడి భరింపగలిగినది. ఏటికొప్పాక లక్కబొమ్మయు నిట్టిదే. అంకుడు కొయ్యను తరిమెనపట్టి, గోళమును స్తంభమును శంఖమును తీసి, వానిపై లక్కరంగు పూయుదురు. రంగు పండుగనాటి చీర, పొందిక దేహము. దేహము లేని చీరను కొయ్యకు తగిలించుకొనవలెనే గాని కట్టుకొనజాలము.

ఈ చదువునకు గొప్ప సాధనసామగ్రి అక్కఱలేదు. సెలవుదినమున తల్లియో తండ్రియో ఒక బట్టల సబ్బుకడ్డీని పిల్లల కిచ్చి, మూడు దిమ్మెలుగా కోసి, ఒకటి పెద్దరికము వహించునట్లు, రెండవది తోడు నిలుచునట్లు, మూడవది రెంటిని కలుపునట్లు కూర్చుమని చెప్పవచ్చును. ఆడపిల్లకు వేఱు, మగపిల్లవానికి వేఱు పాఠము లేదు. పని ముగిసిన పిదప 'ఏమి చేసితివి?' అని యడుగక, దానిని త్రిప్పి చూపించి 'ఏ ప్రక్క నీకు నచ్చలేదు?' అని యడుగవలెను. బిడ్డ చూపిన ప్రక్కను మనమును చూడవలెను. ఆ తరువాత ఆ సబ్బుముక్కలతో నిశ్చింతగా బట్టలుతుకుకొనవచ్చును.