పద్దుకెక్కని డబ్బు

డిజిటల్ కరెన్సీ మీద జరుగుతున్న వాదోపవాదాలు చదువుతుంటే, సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక, నాకు మొదట తట్టే ప్రశ్న ఈ కథలో పాత్రలెవరు అని. ఒక పక్క రాజ్యం, మరో పక్క పౌరుడు, మధ్యలో బ్యాంకు. రాజ్యం నా డబ్బు మీద కన్నేసిందని పౌరుడంటాడు. కన్నేయకపోతే నల్లధనం పెరుగుతుందని రాజ్యం అంటుంది. ఈ ముగ్గురి సంభాషణలో ఇల్లు అనే రంగస్థలం ఎక్కడా ఉండదు. ఆ పౌరుడికి తల్లీ, భార్యా, కూతురూ ఎవరూ లేనట్టు, అతని జేబులో డబ్బుకి ఇంట్లో ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేనట్టు వాదన నడుస్తుంది. మన ఆడవాళ్ళలో చాలామందికి డబ్బు మీద మొదటి నిఘా ఇంటిది. రిజర్వు బ్యాంకు ఆ తర్వాతెప్పుడో వస్తుంది. డబ్బు గోప్యత గురించి ఇంత మాట్లాడుతున్నవాళ్ళు ఈ మొదటి నిఘా గురించి ఎందుకు మాట్లాడరన్నదే నా ప్రశ్న.

ఈ చర్చకి మూలమైన రెండు పాఠ్యాలున్నాయి. మొదటిది 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో వెలువడిన తొమ్మిది పేజీల బిట్‌కాయిన్ పత్రం. లీమన్ బ్రదర్స్ బ్యాంకు కూలి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. బ్యాంకుల మీద జనానికి నమ్మకం పోయిన ఆ రోజుల్లో, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య నమ్మదగిన మూడో మనిషి అవసరమే లేకుండా డబ్బు చేతులు మారే పద్ధతిని ఆ పత్రం ప్రతిపాదించింది. లావాదేవీలన్నీ అందరూ చూడగలిగే ఒకే పద్దులో ఉంటాయి. కానీ ఏ ఖాతా ఎవరిదో తెలియదు. రహస్యమైన తాళంచెవి ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్ళది.

తాళంచెవి అనగానే మనకి గుర్తొచ్చేది అత్తగారి బొడ్లో తాళాల గుత్తి. కోడలు పుట్టింటినుంచి తెచ్చుకున్న బంగారం ఏ ఇనప్పెట్టెలో ఉంది, దాని తాళం ఎవరి బొడ్లో ఉంది అన్నదాన్ని బట్టే ఆ ఇంట్లో ఆమె స్థానమేమిటో తెలిసేది. స్త్రీధనం స్త్రీకే చెందిన సొత్తు అని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభారాణి కేసులో స్పష్టంగా చెప్పింది. చట్టం ప్రకారం సొత్తు ఆమెది, తాళం మాత్రం ఆమెది కాదు. సతోషి పత్రంలో ఇద్దరే మనుషులు. ఎవరి తాళం వారి దగ్గరుంటుంది, ఎవరూ ఎవరి మీదా ఆధారపడి బతకరు. మూడో మనిషి బ్యాంకు మాత్రమే. అదే ఇంట్లో, అదే మంచం మీద పడుకునే మూడో మనిషి ఆ ఊహకి అందలేదు.

రెండో పాఠ్యం మన రిజర్వు బ్యాంకు 2022 అక్టోబరులో ప్రచురించిన డిజిటల్ రూపాయి భావనా పత్రం. ఆ ఏడాది డిసెంబరు 1న సామాన్యుల వాడకం కోసం ప్రయోగం మొదలైంది. మొదటి విడత నాలుగు నగరాల్లో శ్రీకాకుళానికి అన్నిటికంటే దగ్గరది భువనేశ్వర్. నోటుకున్న ప్రధాన లక్షణం అనామకత్వమేనని ఈ పత్రం గుర్తించింది. చిన్న మొత్తాలకి గోప్యత, పెద్ద మొత్తాలకి ఆచూకీ అనే సూత్రాన్ని పరిశీలించింది. సతోషి పత్రంకంటే ఇది నేలమీద ఉంది. అయినా ఇక్కడ కూడా గోప్యత అంటే ప్రభుత్వం కంటినుంచి గోప్యతే.

మూడో పాఠ్యాన్ని నేను వీటి పక్కన పెట్టదలచుకున్నాను. అది మా ప్రాంతం మనిషి, విజయనగరంలో కూర్చుని రాసినది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన ముందుమాటలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాల జాబితాని విజయనగరం మహారాజా తయారు చేయించారు. మొత్తం 1,034. అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల ధర 350 నుంచి 400 రూపాయలు. అమ్మిన తండ్రీ కొన్న వరుడూ ఇద్దరికీ సమ్మతమే కనుక లావాదేవీ సక్రమం. అన్ని లావాదేవీలూ అందరికీ కనిపించే పద్దు ఉంటే మోసం ఉండదని నేటి సాంకేతిక ఆశావాదులు అంటున్నప్పుడు నాకు ఈ 1,034 వరుసల పద్దు గుర్తొస్తుంది. అందులో దొంగలెక్క ఒక్కటి లేకపోయినా అన్యాయం అంతా అలాగే ఉంటుంది. ఎందుకంటే పద్దు ఇచ్చినవాడినీ పుచ్చుకున్నవాడినీ రాసుకుంటుంది గానీ, ఎవరిని ఇచ్చారో ఆ పిల్లని అడగదు.

నాటకంలోకి వస్తే, డబ్బుతో ముడిపడని స్త్రీ పాత్రే దాదాపు లేదు. సుబ్బి వెల పద్దెనిమిది వందలు. బుచ్చమ్మ భర్త ఆస్తి కోసం తండ్రి దావాలు నడుపుతాడు, గిరీశం కన్ను కూడా ఆ ఆస్తి మీదే. పూటకూళ్ళమ్మ సొంతంగా సంపాదించుకుంటున్న వితంతువు. సంతలో సామాన్లకని ఆమె ఇచ్చిన ఇరవై రూపాయల్ని గిరీశం తన సరదాలకి ఖర్చు పెట్టేస్తాడు. ఆమె దగ్గర పత్రం లేదు, సాక్షి లేడు. అందుకే చీపురు పట్టుకుని వస్తుంది. ఇంతమందిలో తన సొమ్ము లెక్క తాను చూసుకోగలిగింది మధురవాణి ఒక్కతే. తన కంటె చేతులు మారి కనిపించకుండా పోయినప్పుడు దానికోసం రామప్పపంతుల్ని ఆమె నిలదీసే తీరు చూడండి. కులస్త్రీలెవరికీ లేని ఆ హక్కు, సంసారానికి బయట ఉన్నందువల్లే ఆమెకి దక్కింది. ఈ సంగతి గురజాడ గమనించినంత నిశితంగా మన ఆర్థికవేత్తలు గమనించలేదనిపిస్తుంది.

గురజాడ తర్వాత కూడా ఈ నేలమీద డబ్బు కథలు వచ్చాయి. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఒక అప్పు మీద జరిగే పంచాయితీ. వాదించేవాళ్ళూ తీర్పు చెప్పేవాళ్ళూ అందరూ మగవాళ్ళే. పంచాయితీలో ఇంటి ఊసు ఎక్కడా రాదు. చివరికి సీతారాముడి చేతుల్లో చచ్చిన కొడుకు రూపంలో వస్తుంది.

మరి ఇంట్లో ఆడవాళ్ళు చేసుకున్న ఏర్పాటేమిటి? పోపుల డబ్బా. ఈ మాట అనగానే మధ్యతరగతి వంటిల్లే కళ్ళకు కడుతుంది నిజమే. కూలికెళ్ళే స్త్రీకి అది కొంగుముడి, సంతలో అమ్ముకునే ఆమెకి బొడ్లో సంచి. పాలకీ వెచ్చాలకీ ఇచ్చిన డబ్బుల్లో అయిదో పదో మిగిల్చి దాచుకున్నది అది. ఆ డబ్బు ఎవరిది? 1943లో ఇంగ్లండు అప్పీలు కోర్టు, ఇంటి ఖర్చుకిచ్చిన దాంట్లో భార్య మిగిల్చుకున్నది భర్తదేనని తీర్పు చెప్పింది. అందులో సగం ఆమెకి దక్కడానికి 1964లో చట్టం చేయాల్సివచ్చింది. అమెరికన్ సామాజికవేత్త వివియానా జెలైజర్ 1994లో డబ్బుకున్న సామాజికార్థం గురించి రాసిన పుస్తకంలో, ఒకే రూపాయి ఇంట్లోకి రాగానే రకరకాల డబ్బులుగా ఎలా విడిపోతుందో చూపించింది. జీతం డబ్బు వేరు, చేతి ఖర్చు వేరు, దాచుకున్నది వేరు. ఆర్థికశాస్త్రానికి ఇవన్నీ ఒకటే. ఆడవాళ్ళకి ఎన్నడూ ఒకటి కాదు.

2016 నవంబరు 8 రాత్రి వెయ్యి, అయిదువందల నోట్లు రద్దయినప్పుడు ఈ తేడా నడివీధిలోకి వచ్చింది. చలామణిలో ఉన్న నగదు విలువలో 86 శాతం ఒక్క ప్రకటనతో చెల్లకుండా పోయింది. దాచుకున్న నోట్లు మార్చుకోవాలంటే ముందు అవి ఉన్నాయని భర్తకో కొడుక్కో చెప్పాలి. పత్రికల్లో కార్టూన్లు వచ్చాయి, జోకులు వచ్చాయి. రద్దయిన నోట్లలో 99 శాతం పైగా తిరిగొచ్చేశాయని 2018లో రిజర్వు బ్యాంకు లెక్క తేల్చింది. నల్లధనం సంగతేమైందో గానీ, ఆడవాళ్ళ రహస్యం మాత్రం తిరిగి రానే లేదు. ఒక గ్వాలియర్ గృహిణి డిపాజిట్ చేసిన రెండు లక్షల పదకొండు వేల అయిదువందల్ని ఆదాయపుపన్ను శాఖ లెక్క తెలియని ఆదాయంగా చూస్తే, గృహిణి రెండున్నర లక్షల లోపు దాచుకున్నది అలా లెక్కించకూడదని 2021లో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆగ్రా బెంచి చెప్పింది. మంచి తీర్పే. కానీ తన పొదుపుకి ఒక స్త్రీ ట్రిబ్యునల్ దాకా వెళ్ళి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిందన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది.

అరసవల్లిలో ఆదివారం నాడు సూర్యనారాయణస్వామి గుడి దగ్గర నిలబడితే ఈ చర్చంతా కళ్ళముందు నడుస్తుంది. కొబ్బరికాయలూ పూలూ అమ్మే ఆడవాళ్ళ ముందు చదరపు గళ్ళ కోడ్ అట్టలున్నాయి. డబ్బు పడగానే ఎంత పడిందో తెలుగులో గట్టిగా చెప్పే చిన్న పెట్టెలున్నాయి. దేశంలో 2016లో మొదలైన యుపిఐ లావాదేవీలు 2025 ఆగస్టులో ఆ ఒక్క నెలలోనే 2,000 కోట్లు దాటాయి. అందులో ఈ కొబ్బరికాయలూ ఉన్నాయి. ఒకామెని అడిగాను. "పెట్టె అరుస్తాది గానమ్మా, డబ్బులు నాకాడికి రావు. మా వోడి ఫోన్లోకెల్తాయి. ఇదివరకు పొద్దోయేసరికి కొంగులో ఎంతో కొంత ఉండీది. ఇప్పుడు టీ తాగాలన్నా ఆడ్నే అడగాల" అంది. ఫిర్యాదులా కూడా చెప్పలేదు. కొడుకు మంచివాడేనట.

అదే గుడికి ముడుపులు కట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. పసుపుగుడ్డలో రూపాయి ముడివేసి దేవుడి పేరు పెట్టాక, తాగొచ్చిన మొగుడు కూడా దాని జోలికి పోవడానికి జంకుతాడు. ముడుపులోని భక్తిని నేను కాదనను, కానీ అందులో ఒక ఆర్థిక బుద్ధి కూడా ఉంది. ఈ డబ్బు ఈ పనికే అని స్త్రీ తానే నిర్ణయించి, ఇంకెవరూ విప్పకుండా వేసిన ముడి అది.

ఇప్పుడు రిజర్వు బ్యాంకు కూడా అలాంటి ముడి గురించే మాట్లాడుతోంది. ఫలానా పనికి మాత్రమే ఖర్చయ్యేలా డిజిటల్ రూపాయికి షరతు పెట్టే సౌకర్యాన్ని ప్రయోగంలోకి తెస్తామని 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. సబ్సిడీ దారి మళ్ళదని దీన్ని సమర్థిస్తారు. రాజ్యం చేతిలో ఇది ఆయుధమవుతుందని వ్యతిరేకిస్తారు. రెండు పక్షాలకీ ఇది కొత్త విషయం. ఆడవాళ్ళకి కొత్తేముంది? పాలకింత, పప్పుకింత అని లెక్కగట్టి ఇచ్చిన షరతుల డబ్బుతోనే తరతరాలుగా సంసారాలు నడిపారు. ఆ షరతులో వాళ్ళు కనిపెట్టిన సందే పోపుల డబ్బా. పప్పుకిచ్చిన డబ్బు పప్పుకే చెల్లుతుంది, మిగిలితే ఇచ్చినవాడి ఖాతాకే తిరిగిపోతుంది అనే యంత్రం రేపు భర్తల చేతికి కూడా వస్తే ఆ సందు మూసుకుపోతుంది. ముడుపుకీ దీనికీ తేడా ముడి ఎవరు వేశారన్నదే.

అలాగని నగదే స్త్రీలకి విముక్తి అని నేననడం లేదు. నగదు లాక్కోవడం ఎంత తేలికో పూటకూళ్ళమ్మకి తెలుసు. మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని భర్త ఖాతాలోకి కాక స్త్రీల సొంత ఖాతాల్లో వేసి, వాటిని వాడడం కూడా నేర్పినప్పుడు, వాళ్ళు పనికెళ్ళడం పెరిగిందని 2021లో ప్రచురితమైన ఒక పరిశోధన చూపించింది. డిజిటల్ ఖాతా స్త్రీకి తాళం కాగలదు. కానీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21, ప్రకారం తామే వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు దేశంలో సుమారు 79 శాతం, తామే వాడుకునే ఫోను ఉన్నవాళ్ళు 54 శాతం. ఆ తేడాలో ఉన్నవాళ్ళ పద్దు వేరేవాళ్ళ చేతిలో తెరుచుకుంటుంది. ఆమె ఎంత తీసిందో, ఎవరికి పంపిందో ఆమెకంటే ముందు ఇంకొకరికి తెలుస్తుంది. పుట్టింటికి పంపిన అయిదువందలు, కూతురి పుస్తకాలకిచ్చిన రెండువందలు, దెబ్బలు భరించలేని రాత్రి బస్సు టిక్కెట్టుకని దాచుకున్నది, అన్నీ. చిన్న మొత్తాలకి గోప్యత అని రిజర్వు బ్యాంకు పరిశీలించిన సూత్రానికి అసలైన హక్కుదారులు వీళ్ళు. వాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఆ సూత్రాన్ని ఎవరూ వివరించలేదు.

ఈ పని ఆర్థికవేత్తలకి మాత్రమే వదిలేస్తే కాదు. మన స్త్రీవాద సాహిత్యం వంటింటి గురించీ శరీరం గురించీ నిష్కర్షగా రాసింది. ఇంటి లెక్కల గురించి అంత నిష్కర్షగా రాయలేదని నా అభిప్రాయం. ఉద్యోగం చేసే రచయిత్రులం కూడా మన ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉందో, మన ఫోను రహస్య సంఖ్య ఇంట్లో ఎంతమందికి తెలుసో కథల్లో చెప్పుకోలేదు. డబ్బు గురించి మాట్లాడడం మర్యాద కాదని మనకి నేర్పినవాళ్ళు, ఆ డబ్బుని మన తరపున లెక్కపెడుతూనే ఉన్నారు. డిజిటల్ రూపాయి రూపురేఖలు ఇంకా పూర్తిగా ఖరారు కాలేదు. దాని గోప్యతని నిర్వచించేటప్పుడు అరసవల్లి గుడి ముందు కొబ్బరికాయలమ్మే ఆమె కొంగుముడిని కూడా లెక్కలోకి తీసుకోమని అడగాలి. అడగాలంటే ముందు మనం ఆ ముడి గురించి రాయాలి.