మూడు గుండ్ల సాక్ష్యము

2012 లండన్ ఒలింపిక్సులో హైదరాబాదు క్రీడాకారుడు గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 701.1 పాయింట్లతో కాంస్యపతకము గెలిచెను. స్వర్ణవిజేతకు వచ్చినవి 702.1. డెబ్బది గుండ్లు పేల్చినను తేడా ఒక్క పాయింటే!

అట్లుండగా, తూటాలలో స్వయముగా మందు నింపుకొను కొందరు మూడేసి గుండ్లు మాత్రమే పేల్చి, రంధ్రములు దగ్గరగా పడినచో ఆ మందు పాళ్లే శ్రేష్ఠమని తీర్పు చెప్పుదురు. ఇది శాస్త్రసమ్మతము కాదు.

వారు కొలుచునది మిక్కిలి ఎడముగా పడిన రెండు రంధ్రముల మధ్య దూరము. గుండ్ల సంఖ్యతోపాటు ఈ దూరమును సగటున పెరుగును. మూడు గుండ్లకు సగటున 24 మిల్లీమీటర్లు వచ్చు తుపాకికే పదింటికి సుమారు 38 వచ్చును. తుపాకి చెడలేదు, సాక్ష్యము పెరిగినది. పైగా పదింటిలో ఎనిమిది రంధ్రములను ఈ కొలత లెక్కింపనే లెక్కింపదు. అన్నింటి మధ్యబిందువును గుర్తించి, అచటినుండి ఒక్కొక్క రంధ్రపు దూరమునకు సగటు కట్టుట మేలు. ఆ బిందువే గురికి ఎడమైనచో అది వేరు దోషము. గురిచూచు సాధనమును సవరించిన పోవును.

మన వరంగల్లు తరగతిగదిలో దీనికి తుపాకి అక్కరలేదు. ఇసుకపళ్లెములో గుర్తుపెట్టి, ఒకే యెత్తునుండి గోలీని మూడుసార్లు, పిదప పదిసార్లు వదలి కొలువుడు. పలుమారు చేసినచో తొందరపాటు తీర్పు విలువ యెంతో విద్యార్థులే చెప్పగలరు.