వీరగాథలో బలి ఎవరిది?

వీరగాథలన్నీ భూస్వామ్య యుగపు చెత్త అని తోసివేసే విమర్శ ఒకటి మనలో ఉంది. నూనూగు మీసాల వీరుడు, ప్రాణమిచ్చే స్నేహితులు, చెడుపై పోరాటం, ఇదంతా యువకులను నిజజీవితం నుంచి మరిపించడానికేనని ఆ వాదం. దీన్ని నేనంగీకరించను. కథలో మూల్యం ఎవరు చెల్లించారు, ఎవరి నిర్ణయంతో చెల్లించారు అన్నదే గీటురాయి.

మన కొల్లేటి కథనే చూడండి. కొల్లేటికోటలో గజపతుల సేన ఉండగా, సరస్సు నీటిని తీసివేయడానికి శత్రువులు ఉప్పుటేరు తవ్వారట. గెలుపు కోసం ఒక సేనాని కన్నకూతుర్నే దేవతలకు బలి ఇచ్చాడట. పేరంటాళ్ళ కనుమ అన్న పేరు అలా వచ్చిందంటారు. ఆ పిల్లకు కథలో మాట లేదు, తోడు లేదు.

పల్నాటి బాలచంద్రుడి దారి వేరు. 12వ శతాబ్దపు ఆ యుద్ధాన్ని 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ద్విపదలో చెప్పాడు. పెద్దలు దాచిన యుద్ధం సంగతి, తన బొంగరం తగిలి గాయపడిన స్త్రీ నోట బాలుడు విన్నాడు. శ్యామాంగి ఇంట పొద్దుపుచ్చినవాడు మాంచాల మాటతో కత్తి పట్టాడు. కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి కులాల తమ్ములు వెంట నడిచారు. బ్రహ్మనాయుడి చాపకూడు అందరినీ ఒక్క పంక్తిన కూర్చోబెట్టింది. మాల కన్నమదాసు సేనానాయకుడయ్యాడు. ప్రజానాట్యమండలి కళాకారుడు నాజర్ ఈ గాథను బుర్రకథగా చెప్పడం యాదృచ్ఛికం కాదు.

లోపాలనూ దాచవద్దు. బ్రాహ్మణుడైన అనపోతును మాత్రం బాలుడు ఉపాయంతో వెనక్కి పంపాడు. అతడు ప్రాణం తీసుకున్నాడు. చాకలి తమ్ముడు చస్తే లేని పాపం ఇతడు చస్తే ఎందుకు? చాపకూడు పంక్తి అక్కడ తెగింది. గురజాల, మాచర్ల దాయాదుల రాజ్యపు తగాదాను కథ నాగమ్మ ఒక్కతె నెత్తిన రుద్దింది. కోడిపందెం సాకు మాత్రమే.

ఏలూరు, తాడేపల్లిగూడెం కళాశాలల ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చదివించండి. కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టివేశారు. చాలాచోట్ల చెరువు పేరు లంకవాసులది, పెట్టుబడీ లాభమూ బయటివారివి. గట్టు తెగినప్పుడు కూలి పోయింది మాత్రం లంకవాసులకే. బాలుడి స్నేహాన్ని ప్రేమించిన విద్యార్థి అనపోతును గురించీ, మాట లేని ఆ పిల్లను గురించీ అడుగుతాడు. తరువాత తన ఊరి చెరువును గురించి కూడా అడుగుతాడు. ఆ ప్రశ్న నేర్పగలిగినంత కాలం ఈ గాథలు మనవే.