దీవెన ఎవరి తల మీద?

ఓడలరేవు, అల్లవరం వైపు మన పేటల్లో ఆరాధన చివర ఆశీర్వాద ప్రార్థన ఉంటుంది. అందరం లేచి తల వంచుతాం. దానికి ముందు సాక్ష్యాలు. డాబా కట్టినాయన లేస్తాడు, గల్ఫు వీసా వచ్చినామె లేస్తుంది. దేవుడు దీవించాడంటారు. రోజంతా కొబ్బరికాయలు వలిచి వచ్చినవాడు లేవడు. ఏం చెప్తాడు? ఆ డాబాని నేను తప్పుపట్టను, పరాయిదేశంలో ఒళ్లు హూనం చేసుకుని కట్టింది. నా తగువు దాని మీద లేపుతున్న బోధతో.

ఆస్తి దీవెన అయితే ఆస్తి లేకపోవడం శాపం అవ్వాలి. పూర్వజన్మ పాపాన్ని వాకిట్లోంచి గెంటేసి, 'విశ్వాసలోపం' అని పేరు మార్చి దొడ్డిదారిన తెచ్చుకున్నాం గదా!

ఈ బోధకులకి ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం మొదటి 14 వచనాలు కంఠతా. పొలానికి దీవెన, గంపకి దీవెన, పశువులకి దీవెన. అదే పుస్తకంలో 24వ అధ్యాయం ఎవరూ తియ్యరు. కూలివాడి కూలి పొద్దుగుంకకముందే ఇవ్వాలని అక్కడుంది. పొలంలో మర్చిపోయిన పనని పరదేశికీ, తండ్రిలేనివాడికీ, విధవరాలికీ వదిలెయ్యాలని, అలా వదిలితే చేతిపనికి దీవెన అనీ ఉంది. అంటే భూమిగలవాడి దీవెన భూమిలేనివాడి దగ్గర తేలుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టా పొలాలకి నీళ్లొచ్చాయి. పొలం ఎవరిది, నాట్లేసిన చేతులెవరివి?

లూకా 6లో యేసు బీదల్ని ధన్యులన్నాడు. 'ధన్య' శబ్దం 'ధనం' లోంచే పుట్టింది. ధనం లేనివాడు ధన్యుడు! ఇది పేదరికానికి పొగడ్త కాదు. నాలుగు వచనాలు దాటితే ధనవంతుల్ని అయ్యో అన్నాడు. మన ప్రసంగాలు అక్కడిదాకా రావు.

1836లో గ్రోవ్స్ వెంట ఇండియా వచ్చిన బౌడెన్, బీర్ ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు వైపు మిషన్ పని మొదలుపెట్టారు. ఆ మతంలో మనవాళ్లకి దొరికిందేమిటి? మా మామ్మ నడిగితే పొలం, ఇల్లు అనేది కాదు. "నెత్తిమీద చెయ్యి పెట్టారురా" అనేది. మార్కు 10లో యేసు పిల్లల్ని ఎత్తుకుని, వాళ్ల మీద చేతులుంచి దీవించాడు. తాకితే మైల అన్న ఊళ్లో ఆ చెయ్యే దీవెన. బ్రాహ్మడి ఆశీర్వచనానికి దూరం కావాలి, దీనికి దూరం పోవాలి.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ చేతికి వెల కట్టింది. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సవరించారు గానీ క్రైస్తవ దళితుడికి సవరించలేదు. మన రాష్ట్రంలో అతను బీసీ-సి, 1 శాతం కోటా. అయినా మనవాళ్లు తల వంచుతూనే ఉన్నారు. అంటే డాబా కోసం కాదన్నమాట.

మాటొచ్చింది కాబట్టి మనల్ని కూడా అడగాలి. మాలపేటకో చర్చి, మాదిగపేటకో చర్చి ఎందుకున్నాయి? మాదిగ పాస్టరు చెయ్యెత్తితే ఎంతమంది మాలల తలలు దాని కిందికొస్తున్నాయి?